రోలిన్ వంశ రహస్యభేదనం

ఎవరికి మొక్కి ఈ గాథ మొదలుపెట్టను? మహాకవులకు వాగ్దేవి ఉంది. నాకు మా ఊరి గ్రంథాలయంలో, పాత కాగితాల ఫొటోలను తెరమీద పెద్దవి చేసి చూపే మైక్రోఫిల్ము యంత్రం ఉంది. వెలిగీ వెలగని దాని బల్బుకు ఒక దండం, తిప్పితే కిర్రుమనే దాని పిడికి ఇంకో దండం పెట్టి చెబుతున్నాను, చెవి ఒగ్గి వినండి.

గోసహస్ర సంకులమై, జున్ను పరిమళ బంధురమై, ఆదివారం ఉదయం ప్రార్థనకూ మధ్యాహ్నం నిప్పుల మీద కాల్చిన సాసేజికీ సమానభక్తితో తలవంచే జర్మను సంతతికి తరతరాల నెలవై విరాజిల్లే మా విస్కాన్సిన్ సీమలో, క్రీస్తుశకం పంతొమ్మిది వందల తొంభై ఆరవ సంవత్సరం, జూన్ మాసం, రెండవ శనివారం, పగలు పదిన్నర గంటలకు, గ్రంథాలయమనే కదనరంగంలో పాదం మోపింది వెర్నా స్ట్రోబెల్. డెబ్బయ్యారేళ్ళ వీరనారి. పసుపుపచ్చ స్కూలు బస్సును ముప్పయ్యొక్క శీతకాలాలు మంచులో నడిపి, వెనక సీట్ల అల్లరిమూకలను అద్దంలోంచి ఒక్క చూపుతో అణచిన సారథిశ్రేష్ఠురాలు. ఎడమచంకలో చేతిసంచి, కుడిచేత పాత జర్మను చేతిరాత అక్షరాలు అంటించిన అట్టముక్క. ఖడ్గమూ డాలూ అవే.

ఆమె పంతం ఏమిటో ముందే చెబుతాను. జర్మనీ నుంచి ఓడెక్కి వచ్చిన ఆమె ముత్తవ్వ అన్నా మరియా మా చర్చి శ్మశానంలో ఉంది. ఆమె సమాధిరాయి నూరేళ్ళ మంచుకు పగిలిపోయింది. కొత్త రాయి వచ్చింది. చెక్కేవాడు సోమవారం పొద్దున్నే ఉలి పడతాడు. భర్త పేరు పక్కన ముత్తవ్వ పుట్టింటి పేరు కూడా ఉండాలని వెర్నా కోరిక. ఇంటి బైబిలు మొదటి పుటలో ముత్తవ్వ సొంత చేత్తో ‘అన్నా మరియా రోలిన్’ అని రాసుకుంది. ఆ రోలిన్‌లు ఎవరు? పంతొమ్మిదేళ్ళుగా పదకొండు గ్రామాల చర్చి పుస్తకాలను ఊహమీద తెప్పించి గాలించినా ఒక్క రోలిన్ తగల్లేదు. పోయిన చలికాలం పాత ఓడ ప్రయాణికుల జాబితాలో ముత్తవ్వ ఊరి పేరు దొరికింది: ఓబర్‌హాల్డెన్. ఆ ఊరి చర్చి పుస్తకం ఫిల్ము అరువుమీద వచ్చింది. ఇవాళ మధ్యాహ్నం తిరిగి వెళ్ళిపోవాలి. చర్చి పుస్తకంలో కంటితో చూడని పేరును రాతిమీద చెక్కించనని వెర్నా శపథం చేసింది. శపథం చేయడం తేలికే, పాపం.

అయితే యంత్రసింహాసనం ఖాళీగా లేదు. దానిమీద హార్లన్ స్ట్రోబెల్ ఆసీనుడై ఉన్నాడు. వెర్నా చిన్నాన్న కొడుకు. రోలిన్‌లు మతహింస తట్టుకోలేక పారిపోయి వచ్చిన ఫ్రెంచి ప్రభువులని కనిపెట్టినవాడు, కారుషెడ్డు తలుపుమీద ఫ్రెంచి రాజుల చిహ్నమైన లిల్లీ పువ్వు రాయించినవాడు, అదే పువ్వు ముత్తవ్వ రాయిమీదా ఉండాలని పట్టుబట్టినవాడు. రుజువేదని ఎవరైనా అడిగితే ఆ పేరు పలికే తీరు చూడమనేవాడు.

“కాస్త ఆగక్కా,” అన్నాడు హార్లన్ తల తిప్పకుండా. “యాభై ఒకటి మార్చి పేపర్లు చూస్తున్నా. నేను బౌలింగు పిన్నులు పడగొట్టి రెండువందల డెబ్బై పాయింట్లు కొట్టిన వార్త ఇక్కడే ఎక్కడో ఉండాలి.”

“నలభై అయిదేళ్ళుగా నీ నోట వింటూనే ఉన్నాం కదరా. మళ్ళీ పేపర్లో చదవాలా? లే.”

“నీకు మాత్రం ఇప్పుడు కొత్తగా తేలేదేముంది? ప్రభువుల బిడ్డలమని చెబుతూనే ఉన్నాగా.”

“ప్రభువుల బిడ్డవైతే ఆ ముక్కేమిట్రా, బంగాళాదుంపలాగా?”

ఈ వాగ్బాణపరంపరకు అల్మరాలు కంపించాయి. అంతలో శాంతిదూతగా వచ్చింది గ్రంథపాలకురాలు మార్లిస్ తోర్స్‌గార్డ్. నార్వే రక్తం. ఆ రక్తం మరిగిన దాఖలా మా ఊళ్ళో లేదు.

“మనిషికి ఒక గంట, హార్లన్ గారూ. మీకు గంటా పది నిమిషాలైంది. వెర్నా గారూ, మీరు కూర్చోండి. పన్నెండింటికి తలుపులేస్తాను.”

హార్లన్ లేచాడు. కానీ పోలేదు. తన అక్క ఓడిపోవడం దగ్గరుండి చూడాలని పక్క కుర్చీ లాక్కున్నాడు.

అంతట వెర్నా ఫిల్ముచుట్టను యంత్రగర్భంలో నిలిపి, కొసను గాజుపలకల సందున దూర్చి, పిడి పట్టి, పూర్వం మంచుకొండల నడుమ బస్సు స్టీరింగు తిప్పిన అదే బాహుబలంతో ఒక్క తిప్పు తిప్పేసరికి, తెరమీద ఓబర్‌హాల్డెన్ గ్రామస్థులందరూ తలకిందులుగా ప్రత్యక్షమయ్యారు. ఫిల్ము తిరగేసి ఎక్కించింది. తీసి మళ్ళీ ఎక్కించింది. ఈసారి ఊరు నిటారుగా నిలబడింది గాని బల్బు ఆరిపోయింది. యంత్రం నెత్తిన అరచేత్తో ఒక్కటి చరిచింది. వెలిగింది.

చివర్న పేర్ల పట్టిక ఉంది. ఆ పాత రాతలో సగం అక్షరాలు రంపపు పళ్ళలాగా ఒకే తీరుగా ఉంటాయి. వెర్నా అట్టముక్కనూ తెరనూ మార్చిమార్చి చూస్తూ, ఒక్కొక్క పన్నునే లెక్కపెడుతూ ముందుకు సాగింది. రోల్. రోమర్. రోస్లర్. అక్కడితో సరి. రోలిన్ లేడు, రోలిన్ భార్య లేదు, రోలిన్ గారి కుక్కపిల్ల కూడా లేదు.

“చూశావా?” అన్నాడు హార్లన్. “ప్రభువుల పేర్లు పల్లెటూరి పుస్తకాల్లో ఎందుకుంటాయక్కా? ప్యారిస్‌లో ఉంటాయి.”

వెర్నా గుండె నిజంగానే జారింది. ఇంతకుముందు పదకొండూళ్ళూ ఊహమీద వెతికినవి, పోనీ అనుకుంది. ఇది ముత్తవ్వ సొంత ఊరు. ఇక్కడా లేకపోతే ఇంకెక్కడా లేదు. అప్పుడామె పలికిన మాటలను కావ్యమర్యాద కోసం ఇలా అందిస్తున్నాను: “ఓయి ప్రాచీన పురోహితా! హంసతూలికను కలంగా చెక్కి, కారుచీకటివంటి సిరాలో ముంచి, నా వంశలతామూలాన్ని ఏ వంకరగీతల అరణ్యంలో దాచితివి?” నిజానికి ఆమె అన్నది, “ఛీ, వెధవ రాత.”

గడియారం పదకొండూ ముప్పయ్యయిదు. రోట్లో తలపెట్టాక రోకటిపోటుకు వెరవడమెందుకని, పట్టికను వదిలేసి, ముత్తవ్వ పుట్టిన పద్దెనిమిది వందల ఇరవైనాలుగో సంవత్సరానికి ఫిల్ము తిప్పి, నామకరణాలన్నీ మొదటినుంచీ చదవసాగింది. తల్లి బార్బరా మైయరిన్. తల్లి క్రిస్టీనా ష్మిడిన్. బాప్టిజంలో జ్ఞానమాత మార్గరెథా బెకిన్. అయిదో పేరుకు ఆమె పిడి తిప్పడం ఆపింది.

“మార్లిస్, ఒకసారిలా రామ్మా. ఈ ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఫ్రెంచివాళ్ళా ఏం?”

మార్లిస్ వంగి చూసింది. “మగవాళ్ళో?”

“మగాళ్ళు మైయర్, ష్మిడ్, బెక్. అచ్చం మనవాళ్ళే. ఆడవాళ్ళు మాత్రం అందరూ ‘ఇన్’!”

“మా నార్వేవైపు ఓలే కూతురైతే ఓల్స్‌దత్తర్ అని రాసేవాళ్ళండీ. మీవాళ్ళు ఆడమనిషని తెలియడానికి ‘ఇన్’ తగిలించారేమో.”

వెర్నా తెరమీది పేర్ల చివరలను వేలితో ఒక్కొక్కటే తడిమింది. 

“అంటే ఇది ఇంటిపేరు కాదు,” అంది వెర్నా నెమ్మదిగా. “ఇంటిపేరుకు తొడిగిన లంగా!”

దొర పెళ్ళాం దొరసాని అని మనలో చంటిపిల్లలకు కూడా తెలుసు. ‘దొరసాని’ అనే ఇంటిపేరు గల దొర ఎక్కడున్నాడని పంతొమ్మిదేళ్ళు తిరిగితే దొరుకుతాడా? పెళ్ళి కాగానే ఆడదాని పేరు మొగుడి పేరైపోయే దేశంలో పుట్టి పెరిగిన వెర్నాకు ఆ ఊహే రాలేదు. ఇందులో ఆమె తప్పు లేదు. ఈ దేశానికి వచ్చాక ఆ లంగాలన్నీ విప్పించి మూలపడేశారు.

ఆ రెండక్షరాలనూ తెంచి అవతల పారేసి, వీరావేశపూరిత హస్తంతో పిడి తిప్పుతూ, జనవరిని దాటి, ఫిబ్రవరిని ఛేదించి, మార్చి తొమ్మిదో తేదీ గట్టున వెర్నా నిలిచింది. అన్నా మరియా. తండ్రి యోహాన్ గేయోర్గ్ రోల్, నేతపనివాడు. తల్లి కథరీనా, పుట్టింటి పేరు బెకిన్.

వెర్నా ఏడ్చింది. అట్టముక్క మీద, చేతిసంచి మీద, సిగ్గుపడకుండా ఏడ్చింది. ముత్తవ్వకు నాన్న దొరికాడు మరి.

“రోలా?” అన్నాడు హార్లన్, ఊపిరాడనట్టు. “సాసేజి పెట్టుకు తినే బన్ను రోలా?”

“అదే రోల్. పైగా నేతగాడు. పద, నీ షెడ్డు తలుపుమీద పువ్వు చెరిపి మగ్గం రాయించు.”

“అక్కా,” అన్నాడతను. డెబ్బై రెండేళ్ళ గొంతు సన్నబడింది. “రాయి సంగతి ఏం చేస్తావ్? రోల్ అని చెక్కిస్తావా? శ్మశానానికి వచ్చిన ప్రతివాడూ నవ్వుతాడే.”

పదకొండూ యాభై ఎనిమిది. మార్లిస్ తాళంచెవులు చేతికి తీసుకుంది. వెర్నా తెరవైపు చూసింది, తర్వాత సంచిలోంచి బైబిలు పుట నకలు తీసి చూసింది. కుదురుగా, పద్ధతిగా రాసిన పేరు. చివర్న ఆ ‘ఇన్’లోని ఐ అక్షరం మీద చుక్క కూడా మరిచిపోకుండా పెట్టుకుంది ఆ పిల్ల.

“ఆవిడ తన చేత్తో రోలిన్ అని రాసుకుందిరా. ఆవిడ లంగా విప్పడానికి నేనెవర్ని? రోలిన్ అనే చెక్కిస్తాను.”

హార్లన్ ముఖం విచ్చుకుంది. “మరి పువ్వు?”

“తంతాను.”

జయము! జయము! సోమవారం ఉదయం శిల్పి ఉలి పట్టాడు. పంతొమ్మిది సంవత్సరాల ఘోరసంగ్రామం జరగకపోయినా ఆ రాయిమీద పడేవి ROLLIN అనే ఆ ఆరక్షరాలే. జరిగాక కూడా పడ్డవి ఆ ఆరక్షరాలే. సాయంత్రం వెర్నా ఒక్కతీ వెళ్ళి రాతిపొడి ఊది, చివరి రెండక్షరాలమీద వేలు పెట్టి, “‘నేను అమ్మాయిని’ అని రాసుకున్నావా, తల్లీ,” అంది.