అత్తగారు చెప్పని కోడ్

ఆ పొద్దున మబ్బు పట్టింది గాని వాన దిగలేదు. గాలి ఆడటం లేదు. ఆకాశం కురవాలో మానాలో తేల్చుకోలేక ఇళ్ళ మీదికి వంగి నిలబడినట్టుంది. అలాంటి రోజున ఇంట్లో ఎంత చిన్న చప్పుడైనా పెద్దగానే వినిపిస్తుంది. కాటాలు బాగుచేసే మెకానిక్‌కి ఆ రోజు సెలవు. టీ గ్లాసుతో భార్య పనిచేసుకునే గదిలోకి వచ్చి చెవి ఒగ్గాడు. గుయ్‌మంటోంది.

భార్య పుస్తకాలు పైకి చదివి, రికార్డు చేసి ఒక ఆడియో పుస్తకాల కంపెనీకి పంపుతుంది. ఇప్పుడు చదువుతున్నది సముద్ర జీవుల మీద పెద్ద పుస్తకం. ఒక పుస్తకం మొత్తాన్ని ఆమె ఒక్కతే చదవడం ఇదే మొదలు. చివరి అధ్యాయం మాత్రం రెండుసార్లు తిరిగొచ్చింది. గొంతు బాగుందిగాని వెనక ఏదో గుయ్‌మంటోందన్నారు కంపెనీవాళ్ళు. ఈ రోజు మధ్యాహ్నంలోపు శుభ్రమైన రికార్డు అందకపోతే పుస్తకమంతా ఇంకొకరి చేత చదివించుకుంటామని నిన్న ఫోన్‌లో మెత్తగా చెప్పారు. మెత్తగా చెప్పారు కాబట్టి అన్నంత పనీ చేస్తారని ఆమెకు అర్థమైంది.

"కంప్యూటర్లో ఫ్యానే ఇది. అరగంటలో దీని నోరు మూయిస్తా. నువ్వెళ్ళి పడగ్గదిలో చదువుకుంటూ ఉండు," అన్నాడు మెకానిక్.

"విప్పకండి."

"స్క్రూ ముట్టుకుంటే ఒట్టు."

"మిక్సీకీ ఇలాగే ఒట్టేశారు."

"దాని సంగతి వేరు."

ఆమె కాగితాలు తీసుకుని పడగ్గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మామగారు అతన్ని చాటుగా స్క్రూడ్రైవర్ అంటుంటారు. అది చాటుగా జరుగుతోందని అనుకునేది మామగారొక్కరే.

నిజంగానే అతను స్క్రూ ముట్టుకోలేదు. ఫ్యాను వేగాన్ని నేరుగా తగ్గించే చిన్న ప్రోగ్రాము ఒకటి తోటి మెకానిక్ ఇచ్చాడు. అది కంప్యూటర్ అడుగు పొరల దాకా దిగి ఫ్యాను మెడ పట్టుకుంటుందట. దాన్ని నొక్కాడు. ఈ ప్రోగ్రాములోని డ్రైవర్‌ను లోపలికి రానివ్వడం కుదరదనీ, మీ రక్షణ కోసమే ఆపామనీ తెర మీద రాత వచ్చింది. అలాంటి డ్రైవర్ల చాటున దొంగలు దూరతారని ఆపరేటింగ్ సిస్టమ్ భయం.

"నా రక్షణ నేను చూసుకుంటాలే," అన్నాడు తెరతో.

సెట్టింగుల్లో తవ్వి తవ్వి, మెమరీకి కాపలా ఉండే మీట ఒకటి పట్టుకుని ఆపేశాడు. కంప్యూటర్‌ని ఆపి వెలిగించాడు. ప్రోగ్రాము మళ్ళీ గుమ్మంలోనే ఆగిపోయింది. తోటి మెకానిక్‌కి ఫోన్ చేశాడు.

"సెక్యూర్ బూట్ తీసెయ్ బ్రదర్. కంప్యూటర్ లేచేటప్పుడు కాపలా కాసేది అదే, దాని వల్లే ఇదంతా."

"తీస్తే ఏమీ కాదుగా?"

"నాకేం కాలేదు," అన్నాడు అవతలివాడు. అతని కంప్యూటర్లో పోవడానికి ఏమీ లేదన్న సంగతి చెప్పలేదు.

కంప్యూటర్ కళ్ళు తెరిచే లోపే ఒక మీట నొక్కిపట్టి, దాని మూలమూలాల్లోకి దూరి, సెక్యూర్ బూట్ తీసేశాడు. ఈసారి తెర నీలంగా వచ్చింది. తమ ఇంటి బొమ్మ లేదు, భార్య రికార్డులు లేవు. ఎవరో తాళాల మీద చెయ్యి వేశారని అనుమానంగా ఉంది, తాళం తెరిచే రికవరీ కీ చెప్పమంటోంది. ఆ కీ అంటే బారెడు అంకెలు. కాపలావాళ్ళని ఒక్కొక్కరినే ఇంటికి పంపేసరికి, ఇల్లు తనంతట తనే గడియ వేసుకుంది.

కీ మీ ఖాతాలో భద్రంగా ఉందని కింద రాసి ఉంది. ఆ ఖాతా అత్తగారి ఫోన్ నంబరు మీద తెరిచింది. కంప్యూటర్‌ని మొదట మామగారు కొనుక్కుని, విసుగొచ్చి కూతురికి ఇచ్చేశారు. మెకానిక్ తన ఫోన్‌లో ఖాతా తెరవబోయాడు. అత్తగారి ఫోన్‌కి కోడ్ పంపామనీ అది చెప్పమనీ అడిగింది.

ఇక్కడే అతనికి తను చెప్పిన పాఠం గుర్తొచ్చింది.

ఆ మధ్య అత్తగారి వీధిలో ఒకావిడ ఎవడికో కోడ్ చెప్పి మోసపోయింది. అప్పుడు అల్లుడే వెళ్ళి అత్తగారిని కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. అమ్మాయి అడిగినా చెప్పొద్దు, మామయ్య అడిగినా చెప్పొద్దు, ఆఖరికి నేనడిగినా చెప్పొద్దు అన్నాడు. అంతటితో ఊరుకోక, మర్నాడు గొంతు మార్చి ఫోన్ చేసి పరీక్ష కూడా పెట్టాడు. ఆవిడ పాపం గడగడా చెప్పేసింది. ఆ తప్పుని అతను చుట్టాలందరి ముందూ నవ్వుతూ వర్ణించాడు. అందరూ నవ్వారు, ఆవిడ తప్ప.

భార్యకి వినపడకూడదని వంటింటి తలుపు వెనక నక్కి, గుసగుసగా ఫోన్ చేశాడు.

"అత్తయ్యగారూ, మీ ఫోన్‌కి ఒక కోడ్ వచ్చింది చూడండి."

"వచ్చింది."

"అది కాస్త చెప్పండి."

అవతల చిన్న నవ్వు. "చెప్పను."

"అయ్యో, ఇది పరీక్ష కాదండీ."

"పోయినసారి కూడా ఇలాగే అడిగారు బాబూ. ఈసారి మీ పప్పులు ఉడకవు."

"నేనేనండీ, మీ అల్లుణ్ణి."

"నేనడిగినా చెప్పొద్దన్నది ఆ అల్లుడే."

ఫోన్ మామగారి చేతికి మారింది. "ఎవరది?"

"మామయ్యగారూ, నేనండీ. దయచేసి ఒక్కసారి మీరైనా చెప్పండి. మీకు పుణ్యముంటుంది."

మామగారు ఫోన్ చెవికి దూరంగా పట్టుకుని అత్తగారితో అన్న మాట ఇటు స్పష్టంగానే వినపడింది. "మనవాడు కాదే. నన్ను ‘గారూ’ అన్నాడు. ‘దయచేసి’ అన్నాడు. మన స్క్రూడ్రైవర్ ఈ జన్మలో అనడు. పైగా గొంతు దాచుకుంటున్నాడు."

ఫోన్ పెట్టేశారు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఇంకోసారి చేస్తే, ఈ నంబరు సేవలు నిలిపివేయబడ్డాయని ఒక ఆడగొంతు చెప్పింది. మామగారు మాటల్లో నిదానమే గాని చేతల్లో కాదు. దొంగ మళ్ళీ అడగకుండా సిమ్మునే ఆపించేశారు.

మెకానిక్ తిరిగి గదిలోకి వచ్చేసరికి భార్య నీలం తెర ముందు నిలబడి ఉంది. చేతిలో కాగితాలు.

"ఏంటిది?"

"చిన్న అడ్డు..."

"నేను చదివిన అధ్యాయాలన్నీ ఇందులోనే ఉన్నాయి. తెలుసా?"

అతను జరిగింది చెప్పాడు. ఆమె అరవలేదు. కుర్చీలో కూర్చుంది. గొంతు పాడుచేసుకోకూడదని ఆమె అరవడం మానేసిందని అతనికి తెలుసు. అరిచి ఉంటేనే బాగుండేదనిపించింది.

అప్పుడే వీధి తలుపు దబదబా మోగింది. తలుపు తీస్తే మామగారు గొడుగు కర్రలా ఎత్తిపట్టి నిలబడ్డారు. ఆయన వెనక అత్తగారు, సంచీని గుండెలకి అదుముకుని.

"నీ ఫోన్ ఎవడో కొట్టేశాడురా అల్లుడూ! నీ గొంతుతో కోడ్ అడుగుతున్నాడు. బస్సు పట్టుకుని పరుగున వచ్చాం," అన్నారు మామగారు రొప్పుతూ.

"అది నేనే మామయ్యా."

మామగారు గొడుగు దించలేదు. "మరి ‘గారూ’ ఎందుకన్నావు?"

అత్తగారు ముందుకొచ్చి, "ఇంతకీ పరీక్ష పాసయ్యానా, లేదా?" అని అడిగింది.

"పాసయ్యారండీ."

"అది చుట్టాలందరికీ మీరే చెప్పాలి."

అందరూ గదిలోకి వచ్చారు. సిమ్ము మళ్ళీ బతకాలంటే రేపటిదాకా ఆగాలన్నారట. కంపెనీవాళ్ళు మధ్యాహ్నం దాటితే ఆగరు. భార్య చాలాసేపు తెర వంక చూసి, "మీరు ఏమేం మార్చారో గుర్తుందా?" అంది.

"ఉంది."

"ఎలా ఉన్నవి అలా పెట్టేయండి. మీరు చెయ్యి పెట్టక ముందు అది నన్ను ఏ కీ అడగలేదు."

అతను ముందు కంప్యూటర్‌ని పూర్తిగా ఆపేశాడు. తెర నల్లబడింది. దాని మీది దీపం ఆరింది. బయట ఆకు కదలటం లేదు.

గుయ్‌మంటోంది.

నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఆపారా?" అంది భార్య.

"ఆపాను."

మామగారు వంగి, గొడుగు కొసతో బల్ల కిందకి పొడిచారు. అక్కడ, గోడకి ఆనుకుని, దుమ్ము కూడా పట్టని కొత్త స్టెబిలైజర్ ఉంది. కరెంటు హెచ్చుతగ్గుల నుంచి కంప్యూటర్‌కి రక్షణ అని మెకానిక్ ముచ్చటపడి తెచ్చి తన చేతులతో బిగించినది. రికార్డులు తిరిగిరావడం మొదలైంది అది వచ్చాకే. భార్య చెయ్యి చాచి గోడ దగ్గర ప్లగ్గు పీకింది.

ఇల్లు ఒక్కసారిగా పాడుబావిలా నిశ్శబ్దమైపోయింది.

కంప్యూటర్ తీగని నేరుగా గోడకి పెట్టి, సెక్యూర్ బూట్‌ని మునుపటిలా పెట్టేసరికి అది ఏమీ జరగనట్టు తెరుచుకుంది. తమ ఇంటి బొమ్మ వచ్చింది. రికార్డులన్నీ ఉన్నాయి. మెమరీ కాపలా మీటని కూడా అతను తిరిగి వేశాడు, ఎవరూ అడగకుండానే. భార్య తలుపు వేసుకుని, సముద్రం అడుగున వెలుగు చొరబడని చోట బతికే చేపల గురించి చదవడం మొదలుపెట్టింది. బయట ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చుని ఊపిరి కూడా అడిగి తీసుకుంటున్నట్టున్నారు. మామగారికి దగ్గు వస్తే గొడుగుతో సహా వీధిలోకి వెళ్ళి దగ్గి వచ్చారు.

మధ్యాహ్నం కాకముందే రికార్డు వెళ్ళింది. కాసేపటికి జవాబు వచ్చింది. ఈసారి శుభ్రంగా ఉందట. తర్వాతి పుస్తకం కూడా ఆమెకే పంపుతారట. ఆమె ఆ మాట చెప్పి, భర్త వంక చూసి, ఒక్క క్షణం నవ్వి, వెంటనే ఆ నవ్వుని దాచేసుకుంది.

అన్నాలకి కూర్చున్నారు. వాన అప్పుడు మొదలైంది. మామగారు తల ఎత్తకుండా తింటున్నారు. భార్య గొంతుకి విశ్రాంతి ఇస్తోంది. కూర చప్పగా ఉంటే మెకానిక్ ఉప్పు డబ్బా కోసం అత్తగారి వైపు చెయ్యి చాచాడు.

డబ్బా అతని వైపు జరిపే ముందు ఆవిడ అతని మొహాన్ని నిదానంగా పరీక్షించి, అతనేనని నిర్ధారించుకుంది.