తాబేలుకు తండ్రి వేలిముద్ర

పిల్లలు ఆడుకోవాలంటే పెద్దల అనుమతి ఉండాలన్నది లోకంలోని గొప్ప నియమాల్లో ఒకటి. దాన్ని అక్షరాలా పాటిస్తున్న ఊరు ఆత్మకూరు. ఇక్కడ అనుమతి అడిగే పిల్లల్లో కొందరికి మీసాలున్నాయి.

ఇంటర్నెట్‌లో తాబేలును పెంచి పందేలకు దింపే ఆట ఒకటుంది. 2001లో అరుణ్ అందులో చేరినప్పుడు వయసు అడిగారు. పదమూడేళ్లవాడు పదకొండని కొట్టాడు. (అబద్ధం కాదు. సర్కారు నౌకరికి పనికొస్తుందని బడిలో వేసిననాడే రెండేళ్లు తగ్గించి రాయించారు.) ఆటవారు మళ్లీ ఎన్నడూ వయసు అడగలేదు. కాబట్టి 2009లో, డిగ్రీ పాసై, ఓటు కూడా వేసి, అరుణ్ పదకొండేళ్లవాడుగానే ఉన్నాడు. పదకొండేళ్లవాడికి ఏటా తండ్రి అనుమతి తప్పనిసరి. గడువు దాటితే తాబేలును సముద్రంలో వదిలేస్తారు.

అనుమతి అంటే మౌస్‌తో ఒక్క నొక్కు. అంత తేలిగ్గా అయ్యే పనిని మా వైపు ఎవరూ నమ్మరు. అందుకని ఇంటర్నెట్ సెంటర్ రాఘవేందర్ ఒక పద్ధతి పెట్టాడు. తండ్రి స్వయంగా హాజరై కాగితం మీద వేలిముద్ర వేయాలి. రేషన్ కార్డు జిరాక్సు, రెండు ఫోటోలు ఇవ్వాలి (ఒకటి తండ్రిది, ఒకటి తాబేలుది). సర్పంచి సంతకం అక్కరలేదన్నాడు. అందరూ తెచ్చారు.

ఆఖరి రోజు అయిదింటితో గడువు ముగుస్తుందనగా, నాలుగున్నరకు అరుణ్ తండ్రి శాంతయ్య పల్లిచేను వదిలి ఉతికిన ధోవతితో వచ్చాడు. (కొడుకు తనను ఏదైనా అడిగేది ఏడాదిలో ఈ ఒక్కరోజే.)

"ఏందిరా, ఎనిమిదేండ్ల సంది గిదే తాంబేలా?"

"గదే నాయనా. జిల్లాల రెండో నంబరు."

"మొదటోడు ఎవడు?"

"అమ్రాబాద్ సారు. బడిల లెక్కలు చెప్తడు. ఇద్దరు పిల్లలు. ఆటల ఆయన వయసు గూడ పదకొండే."

"మరి ఆయనకు అనుమతి ఎవరిస్తరు?"

"వాళ్ల నాయన. డెబ్బయ్యేండ్లుంటయి. కట్టె పట్టుకొని బస్సెక్కుతడు."

శాంతయ్యకు ఆ మాట నచ్చలేదు. "నువ్వెప్పుడు ఇడుస్తవ్?"

"ఆడ పందెం అయిపోంగనే ఎవడు గెలిచిండో చెప్తరు నాయనా. ఈడ నేను నౌకరి పరీక్ష రాసి ఏడాదాయె, ఇంకా రిజల్టే రాలె."

శాంతయ్య బల్ల దగ్గరకు జరిగాడు. సిరా డబ్బాలో బొటనవేలు అద్ది, ఎవరూ ఆపకముందే మానిటర్ మీద వేలిముద్ర వేశాడు.

"అయ్యో కాకా, గాజు మీద గాదు!"

"ఉండనీ. పక్కాగుంటది."

రాఘవేందర్ ఆ ముద్ర పక్కనుంచే చూస్తూ చివరి ప్రశ్న చదివాడు. "మీ పిల్లగాడు పెద్దయినంక ఏమైతడు, అని అడుగుతుంది."

శాంతయ్య కొడుకు వైపు చూశాడు. కొడుకు గడియారం వైపు చూశాడు. అయిదుకు నాలుగు నిమిషాలుంది.

"తెల్వదని రాయి."

"గట్ల రాస్తే తీస్కోదు కాకా. జర జల్ది చెప్పు, తాంబేలు పోతది."

"అయితే ముందుగాల పెద్దగానియ్యి, ఆనక చూస్తమని రాయి."

ఆట ఒప్పుకుంది. అరుణ్ పదకొండేళ్ల వయసును మరో ఏడాది పొడిగించింది. మరి వీడు పెద్దవాడయ్యే నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందని శాంతయ్య అడిగాడు. ఆ శాఖ తనది కాదన్నాడు రాఘవేందర్.