అందరూ లీడర్లే ఉన్న కోచింగ్ సెంటర్

గైబీ నగర్ కాలేజీ ప్రవేశ శిక్షణ కేంద్రంలో ఇకపై పరిపాలన ఉండదని, నాయకత్వం మాత్రమే ఉంటుందని డైరెక్టర్ హనుమాండ్లు గారు ప్రకటించారు. పుణెలో మూడు రోజుల వర్క్‌షాప్‌కు వెళ్లొచ్చిన మనిషి, ఊరికే అంటారా? ఆ కేంద్రం కింద చాయ్ దుకాణం నడుపుకునే నాకు కూడా ఒళ్లు పులకరించింది.

ఆ పూటే నేమ్‌ప్లేట్లు మారాయి. డైరెక్టర్ గారు విజన్ లీడర్ అయ్యారు. గుమాస్తా రూపేష్ ప్రాసెస్ లీడర్. ప్యూను సుశీలాబాయి క్యాంపస్ లీడర్. ఆమె చీపురు మూలన పెట్టి కుర్చీ అడిగింది, ఇచ్చారు.

శుక్రవారం మరమగ్గాలకు సెలవు. నాగావ్‌లో కూలికి ఆ సాంచాలు నడిపే కనుకయ్యకు ఆ ఒక్కరోజే తీరిక. కేంద్రంలోనే శిక్షణ తీసుకుంటున్న కూతురు కాజల్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. నర్సింగ్ ప్రవేశ పరీక్ష ఫారం మీద కేంద్రం ముద్ర పడాలి, మర్నాడే ఆఖరు తేదీ. రెండేళ్లు ఆ సాంచాల చప్పుడులోనే కూర్చుని చదివిన పిల్ల.

"సారూ, ఒక్క ముద్ర ఏస్తే అయిపోతది," అన్నాడు.

హనుమాండ్లు గారు జాలిగా చూశారు. "ముద్రలేసుడు అడ్మినిస్ట్రేషన్ కనుకయ్యా. మేం గా లెవల్ దాటినం. నేను దారి చూపెట్టేటోన్ని."

రూపేష్ గదికి దారి చూపెట్టారు. తాను ప్రాసెస్‌కు ప్రేరణ ఇస్తానే తప్ప దాన్ని ముట్టుకోనన్నాడు రూపేష్. ముద్ర బీరువాలో ఉందని, తాళంచెవి సుశీలాబాయి దగ్గరుందని మాత్రం చెప్పాడు. బీరువా తెరవడం ప్యూను పని, ఇక్కడ ప్యూనే లేడని ఆమె మరాఠీలో మర్యాదగా వివరించింది. ముగ్గురూ ఈ సమస్య మీద సాయంత్రం దాకా మేధోమథనం చేశారు. నాలుగుసార్లు చాయ్ పంపాను. శనివారం కేంద్రానికి తాళం. లీడర్లంతా లోనావాలాలో శిబిరానికి వెళ్లారు.

నాకు ఒళ్లు మండిన మాట నిజమే. చాయ్ అమ్ముకునేవాడికి విజన్ ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఆర్నెల్లకు కేంద్రానికి ఉత్తమ నాయకత్వ పురస్కారం వచ్చింది. ఈ ఏడు ఒక్క విద్యార్థి కూడా ఫెయిల్ కాలేదని ప్రశంసాపత్రంలో రాశారు. అందులో అబద్ధమేమీ లేదు, ఎవరి ఫారమూ కేంద్రం దాటలేదు. సత్కారానికి శాలువా పళ్లెం పట్టుకోవడానికి పాత విద్యార్థిని ఒకరు కావాలని, కాల్హేర్ గోదాములో ప్యాకింగ్ చేసుకుంటున్న కాజల్‌ను సగం రోజు సెలవు పెట్టించి పిలిపించారు.

శాలువా కప్పించుకున్న హనుమాండ్లు గారు మైకు ఆమె ముందు పెట్టారు. ఇక్కడ నేర్చిన నాయకత్వంతో నీ కింద ఇప్పుడు ఎంతమంది పనిచేస్తున్నారమ్మా అని అడిగారు.

"ఎవ్వరు లేరు సార్," అంది కాజల్. "మీరందరు మీదనే ఉన్నరు. కింద నేనొక్కదాన్నే."

హాలంతా చప్పట్లు కొట్టింది. మాట చాలా బాగుందని, వచ్చే ఏడాది అడ్మిషన్ల బ్యానర్ మీద ఆ అమ్మాయి ఫొటోతో సహా అచ్చు వేయించమని ఆయన అక్కడికక్కడే రూపేష్‌కు చెప్పారు.