ఊరంతా ఎక్కిన బండి

ఆ రోజు పొద్దున దర్జీ వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. తొమ్మిదింటి బండి వస్తుంది, ఆగుతుంది. సగం ఊరు బండెక్కుతుంది. మిగతా సగం ప్లాట్‌ఫారం మీద నిలబడి, బండి దిగే రైల్వే అధికారికి స్వాగతం చెబుతుంది. దర్జీ తన సొంత కత్తెర ఆయన చేతికిస్తాడు, ఆయన రిబ్బను కత్తిరిస్తాడు, స్టేషను మంజూరవుతుంది. ఇంత సులువైన పనిని చెడగొట్టాలంటే చాలా కష్టపడాలి. ఆ ఊరివాళ్లు కష్టజీవులు.

పట్టాలు ఊరిని రాసుకుంటూ పోతున్నా అక్కడ బండి ఏనాడూ ఆగలేదు. ఆపమని అడిగి అడిగి ఊరి నోరు నొప్పిపుట్టాక, "స్టేషను మీరే కట్టుకోండి, ఆపే సంగతి తర్వాత చూద్దాం" అన్నారు రైల్వేవాళ్లు. వదిలించుకోవడానికి అన్న మాట అది. ఊరు నిజమనుకుంది. పడగొట్టిన ఇంటి ఇటుకలు ఒకరిచ్చారు, స్నానాలగదిలో మిగిలిన పలకలు ఒకరిచ్చారు. టికెట్ల గదికి ఎవరో ఇచ్చిన తలుపుకి కాలింగ్ బెల్లు కూడా ఉంది, నొక్కితే పిట్ట కూస్తుంది. దర్జీ బావమరిది సెలూను నడుపుతాడు. ప్రయాణికులు కూర్చోవడానికి అతను తన పాత తిరుగుడు కుర్చీ ఇచ్చాడు, తల ఆన్చుకునే దిండుతో సహా. ఇటుకలు అయిపోయిన చోట ప్లాట్‌ఫారం కూడా అయిపోయింది. ముందు రెండు పెట్టెల వరకే నేల, ఆ వెనకంతా ముళ్లపొదలు.

దర్జీకి ఈ స్టేషను మీద అంత పట్టుదల ఎందుకంటే, భార్య కోసం. ఆవిడ పక్క ఊరి ఆసుపత్రిలో నర్సు. చుట్టుదారిలో రెండు బస్సులు మారి వెళ్లి, రెండు బస్సులు మారి వచ్చి, ఒక్కోరోజు చెప్పులు విప్పే ఓపిక కూడా లేక అలాగే మంచానికి అడ్డం పడేది. ఆసుపత్రివాళ్లు క్వార్టర్సు ఇస్తామన్నారు.

"ఈసారి కూడా బండి ఆగకపోతే నేను అక్కడే ఉండిపోతానండీ. ఆదివారాలు వస్తాలెండి" అందావిడ, చాలా మామూలుగా. అరిచి చెప్పి ఉంటే దర్జీ ఇంత భయపడేవాడు కాదు.

చివరికి రైల్వేవాళ్లు ఒక్క రోజు, ఒక్క నిమిషం బండి ఆపి చూస్తామన్నారు. ఎంతమంది ఎక్కుతారో, ఎంతమంది దిగుతారో ఒక అధికారి కళ్లారా చూసి చెబుతాడు. దర్జీ వెంటనే ఊరికి శిక్షణ మొదలుపెట్టాడు. బడి వరండాని బండి అనుకోమన్నాడు. మెడలో ఈల వేలాడేసుకుని, అది ఊదగానే అందరూ ఎక్కాలన్నాడు. మొదట్లో జనం ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకున్నారు. తర్వాత తర్వాత ఎంత అలవాటైపోయిందంటే, ఈల వినబడితే చాలు, ఊరు వరండాలో ఉండేది.

ఆ పొద్దున అందరూ ఇస్త్రీ బట్టల్లో వచ్చారు. "అక్క రాలేదేం బావా?" అనడిగాడు సెలూను బావమరిది.

"రాత్రి డ్యూటీ. సెలవు పెట్టమంటే పెట్టనంది. బస్సులో తీరిగ్గా వస్తుందట" అన్నాడు దర్జీ. ఆ తీరిక అతనికి నచ్చలేదు.

"సగం మందే ఎక్కడమేంట్రా? ఎక్కడం నేర్పింది అందరికీ కదా!" అన్నాడు బ్యాండు బాబాయ్, డోలు తగిలించుకుంటూ.

"అందరూ ఎక్కితే ఆయన్ని పలకరించేదెవరు బాబాయ్? నువ్వు వాయించు చాలు."

బండి వచ్చి ఆగింది. దర్జీ ఈల ఊదాడు. సగం ఊరు రెప్పపాటులో లోపలుంది. అతని ఛాతీ పొంగింది. కత్తెర పట్టుకుని అధికారి కోసం ముందు రెండు పెట్టెల గుమ్మాల వైపు చూశాడు. ఎవరూ దిగలేదు. ఇంతలో వెనకనుంచి బండి గార్డు ఈల ఊదాడు.

మిగతా సగం ఊరు కూడా ఎక్కేసింది.

"బాబాయ్! నువ్వెందుకెక్కావ్?"

"ఈల వేశావుగా!"

"నేను కాదు, గార్డు!"

"ఎవరిదైతే ఏంట్రా, ఈల ఈలే కదా!"

దర్జీకి తలప్రాణం తోకకొచ్చింది. ఒక్కడినైనా కిందికి లాగుదామని పెట్టెలోకి దూకి డోలు పట్టుకున్నాడు. కత్తెర చూసి ప్రయాణికులు చేతులు పైకెత్తారు. బండి కదిలింది.

"గొలుసు లాగనా బావా?"

"వద్దురా! బండికి అడ్డం పడ్డారని ఆ అధికారి రాసుకుంటే కొంప మునుగుతుంది!" అని దర్జీయే ఆపాడు.

అధికారి ఉన్నది చివరి పెట్టెలో. బండి ఆగగానే ఆయన హుందాగా కాలు కింద పెట్టాడు, ముళ్లపొదలో. ఆయన వెనకే ఒకావిడ జాగ్రత్తగా చూసుకుని దిగింది.

"కదలకండి అన్నయ్యగారూ. కదిలితే ఇంకా లోపలికి దిగుతాయి" అంటూ ఆవిడ ఒక్కొక్క ముల్లూ తీసింది. ఆవిడే దర్జీ భార్య. మొగుడికి చెప్పకుండా తర్వాతి స్టేషను వరకూ టికెట్టు కొనుక్కుని, ఇక్కడ దిగి అతన్ని సంతోషపెడదామని వచ్చింది. పక్కనున్నాయన ఎవరో ఆవిడకి తెలియదు. ఆఖరి ముల్లు ఊడేసరికి బండి వెళ్లిపోయింది.

ఇద్దరూ ప్లాట్‌ఫారం చేరారు. రిబ్బను కట్టింది కట్టినట్టే ఉంది. ఖాళీ కుర్చీ ఇంకా మెల్లగా తిరుగుతోంది. అధికారి బెల్లు నొక్కాడు. పిట్ట కూసింది, మనిషి పలకలేదు.

"ఈ ఊళ్లో మనుషులుంటారా అమ్మా?"

"నిన్న సాయంత్రం దాకా ఉన్నారండీ."

"బండెక్కడానికి ఒక్కరూ రాలేదే! నేను చూస్తూనే ఉన్నాను" అన్నాడాయన. నిజానికి ఆయన చూసింది ముళ్లని. "మరి మీరెక్కడికి?"

"ఇంటికండీ. అదిగో, ఆ నీలం తలుపు. రెండు బస్సులు మారాల్సిన దారి, కునుకు పట్టేలోగా వచ్చేశాను" అంది. అనగానే ఎందుకో ఆవిడకి ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని, ఆయన్ని తిరుగుడు కుర్చీలో కూర్చోబెట్టి కాలికి కట్టు కట్టింది.

తర్వాతి స్టేషనులో టికెట్ కలెక్టరు ఊరు ఊరంతటినీ వరసగా నిలబెట్టాడు.

"ఎక్కడ ఎక్కారు?"

"మా స్టేషన్లోనండీ" అన్నాడు దర్జీ.

"అక్కడ స్టేషనే లేదు."

"అయితే మేం ఎక్కలేదండీ" అన్నాడు బావమరిది.

లేని స్టేషనులో ఎక్కినవాళ్లని ఏం చేయాలో కలెక్టరుకి ఎవరూ నేర్పలేదు. పొమ్మన్నాడు. ఊరు ఇస్త్రీ బట్టలు నలిగేదాకా నడిచి మధ్యాహ్నానికి ఇల్లు చేరింది. అధికారి అప్పటికే వెళ్లిపోయాడు. దర్జీ కాళ్లీడ్చుకుంటూ లోపలికొచ్చి చూస్తే, భార్య మంచం మీద హాయిగా నిద్రపోతోంది. చెప్పులు గుమ్మం పక్కన పద్ధతిగా విప్పి ఉన్నాయి.

కొన్నాళ్లకి రైల్వేవాళ్ల ఉత్తర్వు వచ్చింది. అధికారి చూసింది చూసినట్టే చెప్పాడట. ఈ ఊళ్లో బండెక్కేవాళ్లు లేరు, దిగేవాళ్లున్నారు. కాబట్టి రెండువైపులా బండ్లు ఇక్కడ దిగడానికి మాత్రమే ఆగుతాయి, ఎవరూ ఎక్కకూడదు. ఊరు ఒంటికాలి మీద లేచింది. దర్జీ మాత్రం మిషను ముందు కూలబడ్డాడు.

"పొద్దున నీకు మళ్లీ బస్సేగా" అన్నాడు, భార్య మొహం చూడలేక.

"వచ్చేటప్పుడు బండేగా. క్వార్టర్సు వద్దని చెప్పేశాను. అయినా మన స్టేషన్లో దిగడమే గానీ ఎక్కడం లేదట. ఇక నేనెక్కడికి పోతాను చెప్పండి?"

దర్జీకి ఇన్నాళ్లకి ఊపిరాడింది. లేచి వెళ్లి, ఇంకా అలాగే వేలాడుతున్న రిబ్బనుని తనే కత్తిరించి వచ్చాడు.

ఆ స్టేషనులో బండెక్కినవాళ్లు ఇప్పటికీ ఆ ఒక్క రోజు ఎక్కినవాళ్లే, రైల్వే లెక్క ప్రకారం వాళ్లూ ఎక్కలేదు.