యార్డులో చివరి కారు

ఆ శుక్రవారం ఉదయం శుభాకర్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఏడింటికి బయల్దేరి, రెండు బస్సులు మారి, ఎడిన్‌బర్గ్ ఊరి బయట ఉన్న పాత కార్ల యార్డుకు వెళ్ళాలి. అక్కడ ఒక సీటు బెల్టు లాక్ విప్పుకుని పన్నెండుకల్లా ఇంటికి రావాలి. దాన్ని భార్య దేవమణి కారులో బిగించి, రెండింటికి ఏటేటా కార్లకు చేసే ఎంఓటీ పరీక్షకు తీసుకెళ్ళాలి. బుధవారం నాడు ఆ పరీక్షలో కారు తప్పింది ఆ ఒక్క లాక్ దగ్గరే. బెల్టు గుచ్చితే అది ఒకసారి టక్కున పట్టుకునేది, ఇంకోసారి దారి మధ్యలో మెల్లగా వదిలేసేది.

దేవమణి ఇంటింటికీ తిరిగి వృద్ధులను చూసుకునే కేరర్. ఆమె వెళ్ళవలసిన ఇళ్ళన్నీ ఊరి అవతల పల్లెల్లో ఉన్నాయి. సోమవారానికి కారు లేకపోతే రోటా, అంటే పని వంతులు, లేదని కంపెనీ చెప్పేసింది. రోటా లేకపోతే వీసాకు కంపెనీ ఇచ్చే స్పాన్సర్‌షిప్ లేదు, అది లేకపోతే ఈ దేశంలో ఉండే వీలే లేదు. మొత్తం సంసారం బొటనవేలంత లాక్ మీద ఆధారపడి ఉందని తలుచుకున్నప్పుడల్లా శుభాకర్ ఇంకో యార్డు నంబరు వెతికేవాడు.

కారు వయసు ఇరవై ఒక్క ఏళ్ళు. దానికి కొత్త విడిభాగాలు చేయడం ఎప్పుడో మానేశారు. పాత కార్ల యార్డుల్లో దొరికేవి గానీ, ఇప్పుడు అక్కడా కరువే. ఆ రకం కార్లను ఎప్పుడో నుజ్జు చేసి ఇనుముగా పంపించేశారు. మనుషులకు వయసు మీరితే చూసుకోవడానికి దేవమణిలాంటి వాళ్ళున్నారు, కార్లకు ఎవరున్నారని శుభాకర్ వాపోయేవాడు. లాక్ మొరాయించడం చూసిన ఈ మూడు వారాల్లో పదకొండు యార్డులకు ఫోన్ చేశాడు. పదకొండు చోట్లా లేదన్నారు.

పన్నెండో యార్డులో గురువారం మధ్యాహ్నం ఫోన్ ఎత్తారు. అవతలి మనిషిది గట్టి స్కాటిష్ యాస. శుభాకర్‌కు నాలుగు మాటల్లో ఒకటి అందింది. రెండుసార్లకు మించి "మళ్ళీ చెప్తారా" అనడం మర్యాద కాదని అతని అభిప్రాయం. అందుకని మూడోసారి నుంచి అన్నింటికీ "ఎస్, ఎస్" అన్నాడు. కారు పేరు, నంబరు, ఇంటి అడ్రసు అడిగితే చెప్పాడు. పొద్దున్న ఎనిమిది అని ఏదో అంటే "ఎస్" అన్నాడు. తాళం చెవి అని ఏదో అంటే దానికీ "ఎస్" అన్నాడు. భాగం దొరికినట్టేనని అర్థం చేసుకుని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

తెల్లవారేసరికి సముద్రం మీది నుంచి మంచు కమ్ముకొచ్చింది. బస్సు అద్దంలో తన మొహం తప్ప శుభాకర్‌కు ఏమీ కనిపించలేదు. యార్డు దగ్గర దిగినవాడు అతనొక్కడే. గేటు పక్క గదిలో చప్పుడు వినపడకుండా చెవులకు హెడ్‌ఫోన్‌లంత మూతలు తగిలించుకున్న యజమాని కూర్చుని ఉన్నాడు. శుభాకర్ కారు పేరు చెప్పగానే అతను ఒక చెవి మూత తీశాడు.

"అదృష్టవంతుడివి. ఇలాంటిది రెండేళ్ళ తర్వాత ఇవాళే వచ్చింది. ఇదే చివరిది అనుకో. ఆఖరి వరుసలో ఉంది, కావలసింది విప్పుకో," అన్నాడు.

ఆఖరి వరుస చాలా దూరం. రెండు పక్కలా కార్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, పైవి మంచులో కలిసిపోయాయి. ఒక దాంట్లో చిన్నపిల్ల బూటు, ఇంకో దాంట్లో చదువుకునే కళ్ళజోడు, మరో దాంట్లో పాలు, గుడ్లు, బ్రెడ్డు అని రాసిన చీటీ కనిపించాయి. వాటి మనుషులు ఏమయ్యారో చెప్పేవాళ్ళు లేరు. ఎక్కడో రేడియో సన్నగా మూలిగి ఆగిపోయింది. శుభాకర్ నడక వేగం పెంచాడు.

కారు ఇనుప దిమ్మల మీద కూర్చుని ఉంది. చక్రాలు లేవు, నంబరు పలకలు లేవు. ఒక పక్క అద్దాలు పగిలాయి, పైకప్పు లోపలికి నొక్కుకుపోయింది. వెండి రంగు, అచ్చం తమ కారు రంగే. ఏ ప్రమాదంలోంచి వచ్చిందో పాపం అనుకుని శుభాకర్ కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసి లోపల కూర్చున్నాడు. మోకాళ్ళు స్టీరింగుకు తగిలాయి. ఎవరో పొట్టి మనిషి నడిపినట్టుంది. యూకలిప్టస్ తైలం వాసన వచ్చింది. దేవమణి కూడా రోజూ అదే రాసుకుంటుంది. ఈ దేశంలో జలుబు లేనిది ఎవరికిలే అని సరిపెట్టుకున్నాడు.

బెల్టు గుచ్చి చూశాడు. టక్కున పట్టుకుంది. అతని ప్రాణం లేచి వచ్చింది. బోల్టు మాత్రం తుప్పు పట్టి కదలలేదు. నూనె కొట్టి అరగంట ఆగుదామని బయటికి వచ్చేసరికి ఎదురుగా ఒక మనిషి నిలబడి ఉన్నాడు. అడుగుల చప్పుడే వినపడలేదు. గళ్ళ టోపీ, తెల్ల మీసాలు, చేతిలో పెద్ద స్పానరు. అతని వెనక పొడుగాటి ఆవిడ, ఆమె వెనక తండ్రీ కూతుళ్ళు. నలుగురూ మాట్లాడకుండా కారునే చూస్తున్నారు. శుభాకర్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఇది మీదా?" అని గళ్ళ టోపీ పెద్దాయన అడిగాడు.

"అయ్యో, కాదండి. నాకు ఒక్క లాక్ చాలు. మిగతాది మీరు తీసుకోండి."

వాళ్ళకూ అదే రకం కార్లున్నాయట. ఒకటి వస్తే చెప్పమని యార్డులో పేర్లు రాయించుకుని నెలల తరబడి కాచుకుని ఉన్నారు. పొద్దున్నే మెసేజ్ వెళ్ళింది. ఆ మాట వినగానే శుభాకర్ మనసు కరిగిపోయింది. ఇంటికొచ్చిన చుట్టాలకు వడ్డించినట్టు దగ్గరుండి పంచాడు. పెద్దాయనకు రేడియేటరు పట్టించాడు. పొడుగాటి ఆవిడ మొహమాటపడుతుంటే రెండు హెడ్‌లైట్లూ ఆమె సంచిలో తనే పెట్టాడు. తండ్రీ కూతుళ్ళు బానెట్టు మోయలేకపోతే ఒక కొస పట్టుకుని మంచులో గేటు దాకా మోశాడు. ఒక్కొక్కరే వచ్చి తలో ముక్కా పట్టుకుని మాట లేకుండా మంచులోకి వెళ్ళిపోతున్నారు. ముప్పావు గంటలో కారుకు ఎముకలే మిగిలాయి.

అప్పుడు బోల్టు కదిలింది. లాక్ పైకి లాగేసరికి సీటు సందులోంచి మడత పెట్టిన కాగితం ఒకటి దాంతో పాటే వచ్చింది. శుభాకర్ దాన్ని విప్పాడు.

"బిస్కట్ మామ్మ 7.30. కుక్క తాతయ్య 8.15. అలిగే ఆంటీ 9.00."

తెలుగు అక్షరాలు. దేవమణి చేతిరాత. పైన ఈ వారం తేదీ. తను చూసుకునే వృద్ధులకు దేవమణి పెట్టుకున్న ఆ పేర్లు అతను రోజూ రాత్రి అన్నం దగ్గర వింటున్నవే.

శుభాకర్ తలెత్తాడు. నొక్కుకుపోయిన పైకప్పు చూశాడు, పగిలిన అద్దాలు చూశాడు, చేతిలో ఉన్న లాక్ చూశాడు. బెల్టు కొస అందులో గుచ్చితే అది టక్కుమంది, మెల్లగా వదిలేసింది. తను బస్సులో ఉండగా ఎవరో మామ్మకు బాగోలేదని దేవమణికి ఫోన్ వచ్చి ఉంటుంది. ఆమె ఆగదు, కారు తీసి ఉంటుంది, ఈ మంచులో. ఆ తర్వాత ఆలోచించడానికి అతనికి ధైర్యం చాలలేదు. ఉద్యోగం, స్పాన్సర్‌షిప్, దేశం ఏవీ గుర్తు రాలేదు. ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. ఏడోసారికి అవతల ఫోన్ ఎత్తారు. ఆయాసపడే దేవమణి గొంతు వినిపించింది.

"ఏంటండీ అన్నిసార్లు?"

"దేవా, నువ్వెక్కడున్నావ్?"

"ఊళ్ళోనే, లీత్ పేటలో. కొత్తగా ఇచ్చిన ఇళ్ళ రౌండు నడిచి చూస్తున్నా. ఫోను కోటు లోపలెక్కడో ఉండిపోయింది."

 శుభాకర్ కళ్ళు తుడుచుకుని, "మన కారు?" అన్నాడు.

"మీరు పంపిన లారీవాడు ఎనిమిదింటికి తీసుకెళ్ళాడుగా. తుక్కు కిందకి ఇచ్చేస్తున్నారు, సరేనా అని మూడుసార్లు అడిగాడు. సరేనన్నా. తాళాలిచ్చి, టీ ఇచ్చి పంపించా."

"నేను పంపించానా?"

"మీ పేరే చెప్పాడండీ. ఏడున్నరకి మేనేజర్ ఫోన్ చేసింది, లీత్‌లో నడిచే రౌండు ఇస్తానంది, కారు అక్కర్లేదంది. నెల్రోజుల నుంచి అడుగుతున్నా. ఆ బెల్టు ఊడినప్పుడల్లా నాకు చచ్చేంత భయమేసేది. మీకా కారంటే ప్రాణం కదా, చెప్పలేకపోయా. దాని సంగతి నువ్వే చూసుకో ప్రభువా అని ప్రార్థన చేసి లేచా, లారీ వచ్చింది. మీరే నాకోసం వదులుకున్నారని ఏడ్చాను కూడా."

అవునంటే సరిపోయేది. అన్ని ఎస్‌లు పలికిన నోటికి ఈ ఒక్కటీ రాలేదు. "లేదు దేవా. ఫోనులో యార్డువాడి మాట నాకు అర్థం కాలేదు. నువ్వు నెల్రోజులుగా భయపడుతున్నావని కూడా నాకు అర్థం కాలేదు," అన్నాడు.

 అవతల బస్సు పోతున్న చప్పుడు వినిపించింది.

"సర్లెండి, ఇంటికి రండి. అన్నం వండుతా," అంది దేవమణి.

గేటు దగ్గర యజమానిని అడిగితే, పైకప్పు నొక్కుకుపోవడం, అద్దాలు పగలడం తమ ఫోర్క్‌లిఫ్టు పనేనని తేలిగ్గా చెప్పాడు. రేడియేటరు దొరికిన సంబరంలో ఉన్న గళ్ళ టోపీ పెద్దాయన ఊళ్ళోకి దింపుతానని పట్టుబట్టాడు. అచ్చం అలాంటి కారే. బయల్దేరాక, శుభాకర్ కూర్చున్న పక్క తలుపు లాక్ పనిచేయదని, అది అడగడం మరిచిపోయానని ఆయన నొచ్చుకున్నాడు.

ఎడిన్‌బర్గ్ చేరేదాకా శుభాకర్ తలుపును రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నాడు.