ఎదురింటి మోచేతి బెల్టు

ఆ శనివారం పొద్దున లాయిడ్ బెకర్ పెట్టుకున్న పనులు రెండే. మధ్యాహ్నంలోగా ఇంటి ముందు పచ్చికలో రాలిన మేపుల్ ఆకులన్నీ పోగు చేయాలి. ఆ తర్వాత పదకొండేళ్ళ కొడుకు వెస్లీని తీసుకెళ్ళి ఒక ట్రాంబోన్ అద్దెకు తేవాలి. వేసవి బేస్‌బాల్ జూలైతో అయిపోయింది. మళ్ళీ మార్చి వచ్చేదాకా బంతి ముట్టుకోనని, ఈ చలికాలం స్కూలు బ్యాండులో ముందుకీ వెనక్కీ సాగదీస్తూ ఊదే ఆ పొడవాటి బాకా నేర్చుకుంటానని వెస్లీ అడిగాడు. లాయిడ్ మాటిచ్చాడు. డిసెంబరు కచేరీలో ట్రాంబోన్ ఒక్కటే వినిపించే ముక్క ఒకటుంది. అక్టోబరు చివరి గురువారం సాయంత్రం నాలుగింటికి అది ఎవరికిచ్చేదీ తేలుస్తారు. వెస్లీ ప్రాణమంతా దాని మీదే ఉంది.

లాయిడ్ మాట మీద నిలబడే మనిషే. కాకపోతే ఎదురిల్లు కనబడనంత సేపే.

ఎదురింట్లో రస్ టెంపుల్టన్ ఉంటాడు. ఒహాయో మొత్తం మీద లాయిడ్‌కు కడుపుమంట పుట్టించగల మనిషి అతనొక్కడే, ఆ పని అతను పెద్దగా కష్టపడకుండానే చేస్తాడు. అతని పచ్చిక ఎప్పుడూ ఒక పిసరు ఎక్కువ పచ్చగా ఉంటుంది. అతని కొడుకు ట్రెవిన్ ఏడాదికి పన్నెండు నెలలూ బేస్‌బాల్ ఆడతాడు. వసంతంలో లీగు, వేసవిలో ఊళ్ళు తిరిగే జట్టు, ఆకులు రాలేప్పుడు మరో జట్టు, చలి మొదలయ్యాక కార్పెట్ల గోదాము లోపల ప్రాక్టీసు. 'ఇక్కడ ఏడో నంబరు ఆటగాడు ఉన్నాడు' అని ట్రెవిన్ ఫొటోతో ఒక బోర్డు పచ్చికలో పాతి ఉంటుంది. పొద్దున కాఫీ కప్పుతో కిటికీ దగ్గర నిలబడితే లాయిడ్‌కు మొదట కనిపించేది ఆ ఏడో నంబరే. మూడేళ్ళుగా అతనికి కాఫీ రుచించడం లేదు.

ఆ శనివారం ఆకులు సగం పోగయ్యాక రస్ కారు వచ్చి ఆగింది. ట్రెవిన్ దిగాడు. వాడి కుడిచేతికి భుజం కింద నుంచి మణికట్టు దాకా నల్లటి బెల్టు ఉంది. మోచేతి దగ్గర గడియారమంత చక్రం, దాని మీద అంకెలు. చెయ్యి గడకర్రలా తిన్నగా ఉంది. లాయిడ్ రోడ్డు దాటి వెళ్ళాడు.

"ఏంటి రస్, కుర్రాడి చేతికి అది?"

రస్ ముఖం ఒక్క క్షణం వాడింది. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"ఇదా? స్పెషలిస్టు పెట్టిందిలే. డాక్టర్ వాస్ అని, కొలంబస్‌లో. పిల్లల మోచేతులు తప్ప ఇంకోటి ముట్టుకోదావిడ. అపాయింట్‌మెంటు దొరకడమే గగనం."

"ఎన్నాళ్ళేంటి?"

"నాలుగు నెలల ప్రోగ్రాం. వారానికి రెండుసార్లు. మన లీగులో ఇప్పటికి మావాడొక్కడికే."

అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. పన్నెండు నెలలూ బంతులు విసిరి విసిరి మోచెయ్యి వాచిపోయి, పిల్లవాడు చెంచా కూడా ఎత్తలేకపోతున్నాడన్న సంగతి మాత్రం రస్ నోటికి రాలేదు. లాయిడ్‌కు అడగాలనీ తోచలేదు. చేతిలోని ఆకులు లాగే కర్ర అక్కడే పారేసి ఇంట్లోకి నడిచాడు.

"డోరీన్, వాళ్ళు మొదలెట్టేశారు."

"ఎవరు? ఏం మొదలెట్టారు?" అంది భార్య.

"ట్రెవిన్ మోచేతికి బెల్టు పెట్టించారు. స్పెషలిస్టు, నాలుగు నెలల ప్రోగ్రాం. మనవాడిక్కడ బాకా ఊదుకుంటూ కూర్చుంటే, వాడక్కడ మోచెయ్యి తయారుచేసుకుంటున్నాడు."

"అదెందుకు పెట్టారో అడిగావా?"

"అడిగితే మనకి తెలీదని తెలిసిపోదూ?"

డోరీన్ పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. రోజంతా జనం చేత నోళ్ళు తెరిపించే మనిషి కావడం వల్ల, ఇంట్లో నోరు ఎప్పుడు మూసుకోవాలో ఆమెకు బాగా తెలుసు. ఆ మధ్యాహ్నం ట్రాంబోన్ అద్దెకు వచ్చిన మాట నిజమే. కానీ దారిలో లాయిడ్ ఇంకో దుకాణం దగ్గర కూడా కారాపాడు. చక్రాల కుర్చీలు, చంకకర్రలు అమ్మే దుకాణం అది.

"ఎవరికి సార్? దెబ్బ ఎక్కడ తగిలింది?" అన్నాడు దుకాణదారు.

"మా అబ్బాయికి. దెబ్బేం లేదు. వెనకబడకుండా ఉండటానికి."

దుకాణదారు ఒకసారి వెస్లీ వైపు, ఒకసారి లాయిడ్ వైపు చూశాడు. "చెయ్యి ఎంత వంగాలి సార్? ఈ చక్రం తిప్పి పెట్టాలి."

"ఎదురింటివాళ్ళది ఎంత వంగుతుందో అంత."

"వాళ్ళదెంత వంగుతుంది?"

"అస్సలు వంగట్లేదు."

దుకాణదారు చక్రాన్ని సున్నా దగ్గర బిగించాడు. కారెక్కాక వెస్లీ తన కుడిచేతిని పరాయివాడి చేతిలా చూసుకున్నాడు.

"నాన్నా, చెయ్యి వంగట్లేదు."

"వంగకూడదు."

"మరి ట్రాంబోన్ ఎలా లాగాలి?"

"దానికింకా రెండు వారాలుంది కదరా. ముందు రేపు గోదాముకి పద."

"మార్చి దాకా వద్దన్నావుగా?"

లాయిడ్ రేడియో పెట్టాడు.

ఆదివారం కార్పెట్ల గోదాములో చలికాలపు ప్రాక్టీసు మొదలైంది. ట్రెవిన్ రాలేదు. రాకపోవడం కూడా ఆ ప్రోగ్రాంలో భాగమేనని లాయిడ్ అనుకున్నాడు, దానికీ కుళ్ళుకున్నాడు. తల్లిదండ్రులంతా వెస్లీ బెల్టు చుట్టూ మూగారు.

"టెంపుల్టన్ వాళ్ళ పిల్లాడికీ ఇదే చూశాను. ఏంటిది?" అంది ఒకావిడ.

"స్పెషలిస్టు ప్రోగ్రాంలెండి. అందరికీ దొరకదు," అన్నాడు లాయిడ్. ఆ మాట అంటుంటే మూడేళ్ళ తర్వాత అతనికి ప్రాణం లేచొచ్చింది.

చుట్టూ ఉన్న ముఖాలు ఒక్కొక్కటే మాడిపోవడం అతను కళ్ళారా చూశాడు. ఆ ముఖాన్ని అతను రోజూ అద్దంలో చూస్తూనే ఉన్నాడు కాబట్టి పోల్చుకోవడం కష్టం కాలేదు. కోచ్ స్టూ హాన్లీ వారమంతా ఇళ్ళ కప్పులు వేస్తాడు, ఆదివారాలు పిల్లలకు ఆట నేర్పిస్తాడు. అందరూ తన వైపు తిరిగేసరికి అతనికి తెలియదని చెప్పడం నామోషీ అనిపించింది. "ఈ సంగతి నేనే మీకు చెప్దామనుకుంటున్నా," అన్నాడు.

అంతే. బుధవారానికి ఐదుగురు పిల్లల చేతులు బిగుసుకున్నాయి. తర్వాతి ఆదివారానికి పదకొండు. చంకకర్రల దుకాణంలో బెల్టులు అయిపోయి పక్క ఊరి నుంచి తెప్పించారు. గోదాములో బంతి విసరమంటే పిల్లలు చెయ్యి మొత్తాన్ని భుజం నుంచి గిరగిరా తిప్పి వదిలేవారు. బంతులు కప్పుకు తగిలాయి, దీపాలకు తగిలాయి, ఒకటి కోచ్ కాఫీలో పడింది. "మొదట్లో ఇలాగే ఉంటుంది," అన్నాడు స్టూ, చొక్కా తుడుచుకుంటూ. ప్రాక్టీసయ్యాక పిజ్జా తెప్పించారు. ముక్క చేతిలో ఉంది గానీ నోటి దాకా రాదు. ఎడమ చేత్తో తినొచ్చని పెద్దవాళ్ళెవరికైనా తోచేలోపే పిల్లలు ఒకరి ఎదురుగా ఒకరు నిలబడి, చేతులు తిన్నగా చాపి, ఒకరికొకరు తినిపించుకోవడం మొదలుపెట్టారు.

ఇంతమందికి బెల్టులొచ్చేసరికి లాయిడ్ గొప్ప కాస్తా నీరుగారిపోయింది. ఇక మిగిలింది డాక్టర్ వాస్. సోమవారం అతను ఆఫీసు నుంచి ఆ క్లినిక్‌కు గంటకోసారి ఫోన్ చేశాడు. ఆరోసారి ఫోనెత్తిన అమ్మాయి నిట్టూర్చింది.

"బాధేంటో చెప్పండి సార్."

"టెంపుల్టన్ అని ఒక కుర్రాడొస్తాడు మీ దగ్గరికి. వాడికేదో మావాడికీ అదే."

"ఇంకొకరి గురించి మేం చెప్పకూడదు సార్."

"చూశారా, రహస్యంగా ఉంచుతున్నారు. అదే చెయ్యి, అదే మోచెయ్యి, అదే వయసు."

"నొప్పుందా?"

"ఎంతుంటే అపాయింట్‌మెంటిస్తారు?"

మరుసటి రోజు ఎవరో రావడం మానుకున్నారు. గురువారం మూడున్నరకు ఖాళీ దొరికింది. అది అక్టోబరు చివరి గురువారం.

"ఆ రోజు వాడి ట్రాంబోన్ ఎంపిక," అంది డోరీన్.

"ట్రాంబోన్ ఎక్కడికీ పోదు. ఇది పోతే రెండు నెలలాగాలి."

"లాయిడ్, వాడికి నువ్వు మాటిచ్చావు." ఈసారి ఆమె నోరు మూసుకోవాలని అనుకోలేదు. "వాడు నిన్ను రెండోసారి అడగట్లేదు, గమనించావా? అడిగినా లాభం లేదని వాడికి తెలిసిపోయింది."

గురువారం వెస్లీ ట్రాంబోన్ పెట్టెను కారు వెనక సీట్లో పెట్టుకుని పక్కన కూర్చున్నాడు. ఆ పెట్టె ఎందుకని అడగడానికి లాయిడ్‌కు ధైర్యం చాలలేదు.

క్లినిక్‌లో ఒక మూల రస్ టెంపుల్టన్ ట్రెవిన్‌తో కూర్చుని ఉన్నాడు. వెస్లీ బెల్టు చూడగానే అతని కళ్ళు చెమ్మగిల్లాయి.

"మీవాడికీనా? అయ్యో. అంటే, అయ్యో అనే అంటున్నా గానీ, నిజం చెప్తే కాస్త తేలిగ్గా ఉంది. నాకొక్కడికే అనుకుని సిగ్గుతో రెండు వారాలుగా ఎవరి ముఖమూ చూడట్లేదు."

లాయిడ్‌కు ఆ మాటలు ఎక్కలేదు. అతని మనసంతా ఒకే లెక్క మీద ఉంది. "మీవాడికి నాలుగు నెలలన్నావుగా? మావాడికి ఆరు అడుగుదామనుకుంటున్నా."

రస్ అతన్ని జాలిగా చూశాడు.

డాక్టర్ వాస్ వెస్లీ బెల్టు విప్పింది, చెయ్యి వంచి చూసింది, ఎక్స్‌రే తీయించింది, దాన్ని గోడ మీది దీపానికి తగిలించి అంగుళం అంగుళం చూసింది.

"ఏమీ లేదండీ."

"సరిగ్గా చూడండి డాక్టర్," అన్నాడు లాయిడ్. అతనికి అవమానంగా ఉంది. "ఎదురింటి కుర్రాడికి ఉన్నప్పుడు మావాడికెందుకు ఉండదు?"

"ఏడాదికెన్ని నెలలు ఆడతాడు?"

లాయిడ్ తల దించుకున్నాడు. "ఐదే. మార్చి నుంచి జూలై."

"మిగతా నెలలు?"

"ట్రాంబోన్," అన్నాడు వెస్లీ. రెండు వారాల్లో వాడు గట్టిగా అన్న మొదటి మాట అదే.

డాక్టర్ పక్కనే ఇంకో ఎక్స్‌రే తగిలించింది. పేరు లేదు, మోచేతి ఎముక అంచు మాత్రం విడిపోయి కనిపిస్తోంది. "ఇది పన్నెండు నెలలూ ఆడే పిల్లవాడిది. ఎదిగే ఎముక, విశ్రాంతి లేకపోతే ఇలా విడిపోతుంది. ఈ బెల్టు పెట్టేది దీనికి. ఈ నెల నేను చూసిన బంతులు విసిరే చేతుల్లో బాగున్న మోచెయ్యి మీ అబ్బాయిదొక్కటే. దీన్ని బయట గోడకు పెట్టుకోవచ్చా? తల్లిదండ్రులకు చూపించాలి." తర్వాత కళ్ళద్దాలు తీసి అడిగింది. "అన్నట్టు, వారం నుంచి మీ ఊరినుంచి తెగ ఫోన్లొస్తున్నాయి. అందరూ మోచెయ్యి వంగట్లేదంటున్నారు. అక్కడేం జరుగుతోంది?"

లాయిడ్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. రెండు వారాలు బాగున్న చేతిని బిగించి ఉంచాడు. అంతకన్నా, పిల్లవాడు అడగడం మానేసేదాకా తెచ్చాడు. అసూయ అతనికి అలవాటే గానీ సిగ్గు అలవాటు లేదు, అది ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

"టైమెంతయింది?" అన్నాడు.

"నాలుగుంబావు," అన్నాడు వెస్లీ.

ఊరికి నలభై నిమిషాల దారి. లాయిడ్ ముప్పైలో వచ్చాడు. బ్యాండు గదిలో క్వింబీ టీచరు ఒక్కతే కుర్చీలు సర్దుతోంది.

"ఎంపిక అయిపోయిందా?" అన్నాడు లాయిడ్, రొప్పుతూ.

"మొదలైతేగా అవడానికి. ఇంకో ఇద్దరున్నారు, ఇద్దరూ మీ బేస్‌బాల్ పిల్లలే. చేతులకేవో నల్ల బెల్టులు కట్టుకొచ్చి, లాగలేమని ఏడ్చి వెళ్ళిపోయారు." ఆమె వెస్లీ వైపు చూసింది. "నీ చెయ్యి వంగుతుందా నాయనా?"

వెస్లీ చెయ్యి వంచి చూపించాడు. ఆ ఒక్క అర్హతతోనే కచేరీలో ఆ ముక్క వాడిదైంది. టీచరు అడిగింది గనుక వాయించి కూడా చూపించాడు. లాయిడ్ తలుపు దగ్గర నిలబడి, తప్పు స్వరాలతో సహా మొత్తం విన్నాడు. కారెక్కాక, "క్షమించరా," అన్నాడు. "సరేలే," అన్నాడు వెస్లీ, రేడియో కట్టేస్తూ.

శనివారం లాయిడ్ మళ్ళీ ఆకులు పోగు చేశాడు. ఎదురింటి పచ్చికలో ఏడో నంబరు బోర్డు లేదు. లాయిడ్ పచ్చికలో మాత్రం కొత్తగా ఒకటి వెలిసింది. నాలుగడుగుల ఎత్తున వెస్లీ మోచేతి ఎక్స్‌రే నకలు, కింద 'ఈ నెల బాగున్న మోచెయ్యి ఇదొక్కటే' అని అక్షరాలు. పీకేయమని డోరీన్ అప్పటికే రెండుసార్లు చెప్పింది. రస్ రోడ్డు దాటి వచ్చి ఆ ఎముకను అంచు నుంచి అంచుకు చూశాడు. అతని ముఖం మాడిపోవడం చూసి లాయిడ్‌కు పొద్దుటి కాఫీ ఇప్పుడు రుచించింది.

"మీవాడు ఎన్ని నెలలు విశ్రాంతి తీసుకుంటాడన్నావు?" అన్నాడు రస్, మామూలుగా అడిగినట్టు.

"ఏడు."

"మాకు డాక్టరు నాలుగే చెప్పింది. కానీ మేం ఎనిమిది ఇద్దామనుకుంటున్నాం."

లాయిడ్ కర్ర కింద పెట్టాడు. "మేమూ తొమ్మిది చేసే ఆలోచనలో ఉన్నాం."

"పది."

"పదకొండు."

పోగుచేసిన ఆకుల కుప్పలో ట్రెవిన్ మెడ దాకా కూర్చున్నాడు, వెస్లీ వాడి నెత్తిన ఇంకా ఆకులు పోస్తున్నాడు. "నేను మార్చిలో ఆడతాను నాన్నా," అన్నాడు వెస్లీ అక్కడి నుంచే. "నా చెయ్యి తగ్గాక నేనూ," అన్నాడు ట్రెవిన్. తండ్రులిద్దరికీ ఆ మాటలు వినబడలేదు.

"పన్నెండు," అన్నాడు రస్.

సంవత్సరంలో అంతకు మించి నెలలు లేకపోవడం వల్ల లాయిడ్ మళ్ళీ ఓడిపోయాడు.