సంఖ్యకు మించిన అందం

తా వలచినది రంభ, తా మునిగినది గంగ అన్న ఒక్క సూత్రం మీద మానవజాతి కొన్ని వేల ఏళ్లు నెట్టుకొచ్చింది. వలచినవాణ్ణి ఎవరూ రుజువు అడగలేదు. మునిగినవాడు రసీదు చూపించలేదు. ఇంతటి అరాచకం ఇన్నాళ్లు ఎలా సాగిందో తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. అదృష్టవశాత్తూ ఒహాయో రాష్ట్రంలోని టొలీడో నగరంలో, కనీసం పాత కామిక్ పుస్తకాల విషయంలోనైనా, ఈ లోటు తీరింది.

అక్కడ పాత కామిక్ పుస్తకం ఉన్నవాడు దాన్ని మొదట మార్కులు వేసే సంస్థకు పంపుతాడు. వాళ్లు పుటలు లెక్కపెట్టి, అట్ట మీద మడతలు వెతికి, పదికి ఇన్ని అని వేసి, పుస్తకాన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, ఇక ఎవరూ తెరవకుండా అతికేస్తారు. (పిల్లలను పుస్తకాలకు దూరంగా ఉంచడానికి బడులు ఎంతో కృషి చేశాయి గాని, ఇంత శాశ్వతమైన పద్ధతి వాటికి తట్టలేదు.)

అంతటితో సమస్య తీరలేదు. ఆరున్నర మార్కుల పుస్తకాలు రెండు పక్కపక్కన పెడితే ఒకటి ముద్దొస్తుంది, ఒకటి రాదు. ఈ తేడాను మామూలు జనం కళ్లతో చూసి తెలుసుకునే ప్రమాదం ఉంది కాబట్టి, దృశ్యాకర్షణ స్వతంత్ర పరిశీలన మండలి అనే మూడో పక్షం వెలసింది. మండలివారు పెట్టె తెరవరు. పుస్తకాన్ని ముట్టుకోరు. ప్లాస్టిక్ బయట నుంచి చూసి, ఆ మార్కులు సరైనవే గాని చాలవు అనిపిస్తే, పెట్టె మీద వెండిరంగు స్టిక్కరు అంటిస్తారు. దాని మీద ‘సంఖ్యకు మించిన అందం’ అని ఉంటుంది. అనిపించకపోతే అంటించరు.

లోరెట్టా జవాడ్స్కీకి స్టిక్కర్లంటే గౌరవం. కౌంటీ తూనికలు, కొలతల శాఖలో ఇరవై ఆరేళ్లు పనిచేసి పెట్రోలు పంపులకు స్టిక్కర్లు అంటించిన మనిషి ఆమె. ఐదు గ్యాలన్ల కొలత డబ్బా మోసుకెళ్లి, పంపు ఐదు పోశానని చెబితే డబ్బాలో ఐదు ఉందో లేదో చూసేది. ఉంటే స్టిక్కరు, లేకుంటే ఎర్ర చీటీ. ఆ డబ్బా కొలత సరైనదేనా అని ఏడాదికొకసారి దాన్ని రాష్ట్ర ప్రయోగశాలకు పంపేవారు. చూడకుండా అంటించడమన్నది ఆమె ఎరగదు.

ఒక్కసారి మినహా.

ఆమె భర్త నోర్బర్ట్ బస్సుల గ్యారేజీలో మెకానిక్కు. పదేళ్ల వయసులో వీధి మూల మందుల షాపులో కామిక్కుల అరలోంచి కొన్న ‘మెరుపు గుమాస్తా’ ఏడో సంచికను అరవై ఏళ్లు దాచుకున్నాడు. అట్ట మీద గుమాస్తా ఒంటిచేత్తో పోస్టాఫీసును పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో ముద్ర వేస్తుంటాడు. కిందటేడు నోర్బర్ట్ దాన్ని మార్కులకు పంపితే ఆరున్నర వేసి పెట్టెలో తిప్పి పంపారు. నోర్బర్ట్‌కు ఇది తన ముఖానికి వేసిన మార్కులాగే తోచింది. ఆసుపత్రిలో చేరినప్పుడు కూడా ఆ పెట్టె పట్టుకెళ్లి, భోజనం పళ్లెంలో జెల్లీ గిన్నె పక్కన నిలబెట్టుకున్నాడు.

“లోరెట్టా, ఇటు చూడవే. ఇది ఆరున్నరలా ఉందా నీకు?”

లోరెట్టా గళ్ల నుడికట్టు పూరిస్తోంది. తల ఎత్తకుండానే, “బాగుంది” అంది.

మూడో రోజున నోర్బర్ట్ పోయాడు. పంపు దగ్గరికి వెళ్లకుండానే తాను స్టిక్కరు అంటించానని ఆమెకు అంత్యక్రియలయ్యాక తట్టింది.

యజమాని మరణించాడని ఆమె మార్కుల సంస్థకు ఉత్తరం రాసింది. వారం తిరక్కుండా జవాబొచ్చింది. ‘నోర్బర్ట్ గారూ, మీరు లేక మాకు ఎంతో వెలితిగా ఉంది’ అని మొదలైంది. (ఊరందరి ఓదార్పుల్లోకీ ఆమెకు ఇదే నచ్చింది. కింద, సభ్యుడిగా మళ్లీ చేరితే ఇరవై శాతం తగ్గింపు అని ఉంది.)

జూన్‌లో పరిశీలన మండలి టొలీడోకే వస్తోందని, పెద్ద హాల్లో జరిగే కామిక్ సంతలో బల్ల వేస్తుందని తెలిసి ఆమె పెట్టె సంచిలో పెట్టుకుని బయల్దేరింది. చూడటం చేతనైనవాళ్లు ఎవరైనా ఒక్కసారి సరిగ్గా చూసి, నోర్బర్ట్ అన్నది నిజమేనని చెప్పాలి. ఆమె కోరిక అంతకుమించి లేదు. నోర్బర్ట్ స్నేహితుడు గస్ తోడొచ్చాడు. గ్యారేజీలో నలభై ఏళ్లు పక్కపక్కన పనిచేశారు ఇద్దరూ.

వరస పొడవుగా ఉంది, కాని చాలా క్రమశిక్షణగా ఉంది. స్టిక్కరు గీసుకుపోకుండా దాని మీద వేసే కవరు ఒక బల్ల మీద అమ్ముతున్నారు. స్టిక్కరు వంకర లేకుండా అంటిందని ధ్రువీకరించే నాలుగో పక్షం ఇంకో బల్ల దగ్గర ఉంది. ముందున్న పెద్దమనిషి ఖాళీ పెట్టె తెచ్చాడు. పుస్తకం ఎప్పుడో ఎవరో కొట్టేశారట. అయినా పెట్టెకు స్టిక్కరు వచ్చింది. ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

“చూశావా, లోపల ఏమీ లేకపోతేనే మార్కులు పడతాయి,” అన్నాడు గస్, చీజు కారుతున్న ప్రెట్జెల్ నములుతూ. “మా సూపర్‌వైజరు అలాగే పైకొచ్చాడు.”

“ముందా చీజు తుడుచుకో. పెట్టె మీద పడితే నిన్ను ఇస్త్రీ చేయిస్తాను.”

కౌంటరు దగ్గర ఉన్న అమ్మాయి కంప్యూటరు లోంచి తల ఎత్తింది. “యజమాని మీరేనా అమ్మా?”

“మా ఆయన. ఆయన లేరు.”

“అయితే యజమాని గైర్హాజరు ఫారం నింపాలండీ. కారణాలు మూడే ఉన్నాయి. ప్రయాణం, అనారోగ్యం, ఇతరములు.”

“మొదట రెండోది. తర్వాత మొదటిది,” అన్నాడు గస్.

“పోయారమ్మా. మార్చిలో.”

“అయ్యో. అయితే ఇతరములు.” అమ్మాయి టిక్కు పెట్టింది. నిజంగానే బాధపడింది, కాని బాధకు గడి లేదు. “తిరిగి వచ్చే తేదీ చెప్పండి.”

“ఎవరు తిరిగొచ్చేది?”

“యజమాని గారు. తేదీ వేయకపోతే కంప్యూటరు ముందుకి పోదండీ.”

“మా చర్చి ఫాదర్ గారు ప్రతి ఆదివారం, పోయినవాళ్లు లేచి వస్తారు వస్తారనే చెబుతారు. తేదీ మాత్రం ఆయనా చెప్పలేదు,” అంది లోరెట్టా.

“ఏదో ఒకటి వేసెయ్ పిల్లా,” అన్నాడు గస్. “వాడు ఎప్పుడూ చెప్పిన టైముకి వచ్చిన రకం కాదులే.”

“వచ్చే నెల పద్నాలుగు వేస్తున్నానండీ. అదైతే ఒప్పుకుంటోంది.”

ఒప్పుకుంది. చీటీ వచ్చింది.

పరిశీలకుడి పేరు హెకాథార్న్. ముప్పై అయిదేళ్లుంటాయి. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో సన్నటి టార్చిలైటు. పెట్టెను అటూ ఇటూ వంచి పదకొండు సెకన్లు చూశాడు. (నియమం ప్రకారం పన్నెండు దాటితే అది ఆనందించడం కిందకు వస్తుంది.)

“రంగులు బాగున్నాయమ్మా. తెలుపు తెలుపులాగే ఉంది. కాని ఇక్కడ చూడండి.”

టార్చి వెలుతురు అట్ట కుడి అంచున, కాస్త కిందగా పడింది. అర్ధచంద్రాకారంలో చిన్న నొక్కు. గుమాస్తా బూటు దగ్గర. లోరెట్టా వంగి చూసింది. ఆ పుస్తకాన్ని ఆమె నిజంగా చూడటం అదే మొదలు.

“ఎవరో బొటనవేలితో గట్టిగా పట్టుకుని చదివారు,” అన్నాడు హెకాథార్న్, పొలంలో పురుగు కనబడ్డట్టు. “ఒకసారి కాదు. చాలాసార్లు.”

“అది మా ఆయనది.”

“పుస్తకం ఆయనదని ఫారంలో ఉందమ్మా.”

“పుస్తకం కాదు నాయనా. వేలు.”

హెకాథార్న్ ఫారం వెనక్కి తిప్పి చూశాడు. వేలికి గడి లేదు.

“దీనికి మార్గం ఉందమ్మా. పెట్టె తీయించండి. వేడి, తేమ, పైన బరువు పెట్టి నొక్కిస్తారు. నొక్కు పూర్తిగా పోతుంది. ఎవరూ ఎన్నడూ ముట్టుకోనట్టు తయారవుతుంది. మళ్లీ మార్కులు వేయించి, మళ్లీ మా దగ్గరికి తీసుకురండి.”

“అప్పుడు అందంగా ఉందంటావా?”

“అప్పుడు పరిశీలిస్తాం.”

“నువ్వీ కథ చదివావా?”

“లేదమ్మా. చదివితే పక్షపాతం వచ్చేస్తుంది. నాలుగో నియమం.”

లోరెట్టాలో ఇరవై ఆరేళ్ల ఉద్యోగం మేల్కొంది. “సరే. నీ కన్ను సరిగ్గా కొలుస్తోందని ఎవరు చూస్తారు? నా కొలత డబ్బానైతే ఏటా రాష్ట్ర ప్రయోగశాలకు పంపేవాళ్లం.”

హెకాథార్న్ ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు మెడలోని కార్డు తిప్పి చూపించాడు. వెనక బంగారు రంగు స్టిక్కరు ఉంది. “నేత్ర ప్రామాణిక సంఘం. అయిదుగురు సభ్యులు.”

“వాళ్ల కళ్లు ఎవరు చూస్తారు?”

“ఒకరివి ఒకరు చూసుకుంటారండీ.”

“మా గ్యారేజీలో బ్రేకులు కూడా అలాగే చూసుకునేవాళ్లం,” అన్నాడు గస్. “అందుకే నేనెప్పుడూ ఆ బస్సులు ఎక్కలేదు.”

హెకాథార్న్ కలం తీశాడు. ఆకర్షణ లేదని కాదని, ధ్రువీకరించదగ్గ ఆకర్షణ లేదని రాసి ముద్ర వేసి ఇచ్చాడు. లోరెట్టా కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. తప్పు కొలిచిన పంపు మీద కూడా ఆమె ఎప్పుడూ అరవలేదు.

కారెక్కాక గస్ ఇంజను స్టార్టు చేశాడు. తర్వాత, “నొక్కించేస్తావా ఏంటి?” అన్నాడు.

“నడుపు,” అంది లోరెట్టా.

మర్నాడు మధ్యాహ్నం ఆమె వంటింటి బల్ల మీద పాత తువ్వాలు పరిచి, నోర్బర్ట్ పనిముట్ల పెట్టెలోంచి సన్నటి స్క్రూడ్రైవరు తెచ్చింది. ప్లాస్టిక్ పెట్టె మూల విరిగినప్పుడు తుపాకీ పేలినంత చప్పుడైంది. పక్కింటి కుక్క మొరిగింది. మార్కుల సంస్థ నియమావళి ప్రకారం ఆ క్షణంలో ఒక ఆరున్నర ఈ లోకంలోంచి తొలగిపోయింది.

ఆమె పుస్తకాన్ని నోర్బర్ట్ పట్టుకున్నట్టే పట్టుకుంది. నొక్కులో ఆమె బొటనవేలు పట్టి, ఇంకా కాస్త చోటు మిగిలింది. మొదటి నుంచి చివరి దాకా చదివింది. కథ అంత గొప్పగా ఏమీ లేదు. పోస్టాఫీసును ఎత్తుకుపోవాలనుకున్న దుర్మార్గుణ్ణి గుమాస్తా, సరైన ఫారం లేదన్న కారణంతో నాలుగు పేజీల సేపు నిలబెడతాడు. పదకొండో పేజీలో ఆమెకు పెద్దగా నవ్వొచ్చింది. ఎందుకు నవ్విందో చెబుదామని తల ఎత్తింది. తర్వాత మళ్లీ పుస్తకంలోకి చూసుకుంది.

చదవడం అయ్యాక అట్టను కిటికీ వెలుతురులో పెట్టి పన్నెండు సెకన్ల కన్నా ఎక్కువే చూసింది.

“ఆరున్నర కాదు,” అంది.

సీలు విరిస్తే పైవాళ్లకు తెలియజేయాలన్నది ఆమె వృత్తిధర్మం. పెట్టెలోని మార్కుల చీటీని కవరులో పెట్టి, ఫారం నింపి, మార్కుల సంస్థకు పంపింది. ‘నష్టానికి కారణం’ అన్న చోట నిప్పు, నీరు, దొంగతనం, ఇతరములు ఉన్నాయి. ఇతరములు అన్న చోట టిక్కు పెట్టి, పక్కన ‘చదివాను’ అని రాసింది.

జూలై మూడో వారంలో జవాబొచ్చింది. ఈసారి మందపాటి కాగితం, నల్ల అంచు. (మార్కుల సంస్థ, పరిశీలన మండలి ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేని స్వతంత్ర సంస్థలు. కంప్యూటరు మాత్రం ఒకటే.)

‘గౌరవనీయులైన నోర్బర్ట్ జవాడ్స్కీ గారికి. మీ మెరుపు గుమాస్తా ఏడో సంచిక ఇక లేదని తెలిసి మేమందరం తీవ్రంగా చింతిస్తున్నాం. దాని స్థానం ఎవరూ భర్తీ చేయలేరు. ఈ కష్టకాలంలో మీ కుటుంబానికి మా ప్రగాఢ సానుభూతి. మా రికార్డుల ప్రకారం మీరు పద్నాలుగో తేదీన తిరిగి వచ్చారు. స్వాగతం.’

లోరెట్టా ఉత్తరం రెండుసార్లు చదివి, కింద ఉన్న నంబరుకు ఫోను చేసింది. రికార్డు తప్పు ఉంటే సరిచేయించాలి కదా.

“పద్నాలుగో తేదీ నేను పొద్దుటి నుంచీ ఇంట్లోనే ఉన్నానమ్మా,” అంది. “ఎవరూ రాలేదు.”

అవతల టైపు కొడుతున్న చప్పుడు వినిపించింది. “క్షమించండి మేడమ్. రికార్డులో ఆయన బయల్దేరినట్టే ఉంది. ‘చేరలేదు’ అని రాసుకోమంటారా?”

“అలాగే రాసుకో.”

ఫిర్యాదు నమోదైంది. పది పనిదినాల్లో ఆచూకీ కనుక్కుని తెలియజేస్తామన్నారు.